మీట కింద మిట్ట

పిల్లలూ! మీ ఇంట్లో పాత రేడియో ఉంటే దాని గుండీని ఒకసారి తిప్పి చూడండి. మొట్టమొదట "టక్" మని వేలికి ఒక చిన్న అడ్డు తగులుతుంది. రేడియో పలకటం మొదలుపెడుతుంది. ఆ తరవాత ధ్వని పెంచుతూ పోతే గుండీ ఎక్కడా ఆగకుండా మెత్తగా తిరుగుతుంది. రేడియో లేకపోతే ఫ్యాను రెగ్యులేటరు ఉండనే ఉన్నది. పాత రకం రెగ్యులేటరైతే ఒకటి, రెండు, మూడు అంకెల దగ్గర ఆగి ఆగి కదులుతుంది. చీకట్లో లేచి ఫ్యాను తగ్గించవలసి వస్తే దీపం వెయ్యనవసరం లేదు. వేలే లెక్క పెట్టుకుంటుంది.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ "టక్" గురించే. అయితే అది రేడియోలోనిది కాదు, కంప్యూటరు కీబోర్డులోనిది.

కీబోర్డు గురించి చెప్పటానికేమున్నది, నొక్కితే అక్షరం పడుతుంది గదా అంటారు మీరు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. కిందటి ఏడాది నా కుడిచేతి వేళ్ళు మొరాయించేదాకా నాకూ ఈ సంగతి పట్టలేదు. ముప్ఫై ఏళ్ళపాటు బళ్ళో నల్లబల్ల మీద వేసిన నోటిలెక్కలను పదకొండు నోటుపుస్తకాలలో రాసిపెట్టుకున్నాను. వాటిని పుస్తకంగా వేద్దామని తెలుగులో టైపు చెయ్యటం మొదలుపెట్టాను. నాలుగో నోటుపుస్తకం సగంలో ఉండగా వేళ్ళ కణుపులు వాచాయి. డాక్టరుగారు చూచి, కణుపులు అరిగాయనీ, అరగంటకొకసారి చేతికి విశ్రాంతి ఇవ్వమనీ, మీటలను అంత గట్టిగా బాదవద్దనీ చెప్పారు. బాదక ఏం చెయ్యను? నేను 1978 వేసవి సెలవులలో టైపు ఇన్‌స్టిట్యూటులో నేర్చుకున్నవాణ్ణి. ఆ మిషను మీద బాదకపోతే అక్షరం కాగితం మీద పడేది కాదు!

"మీటలు మారిస్తే పోతుంది, తాతయ్యా," అన్నది మా మనవరాలు. అది ఎనిమిదో తరగతి చదువుతున్నది. కీబోర్డును ఎవరికి కావలసినట్టు వారు విడిభాగాలు తెచ్చుకుని బిగించుకోవచ్చునని అది ఎక్కడో విన్నది.

ముందుగా అసలు మీట కింద ఏమున్నదో చూద్దాం. మీరు మామూలుగా వాడే కీబోర్డులో ప్రతి మీట కింద ఒక రబ్బరు బుడిపె ఉంటుంది. నొక్కితే ఆ బుడిపె కుంగి, అడుగున ఉన్న పొరకు తగులుతుంది. అప్పుడే అక్షరం పడుతుంది. అంటే మీటను అడుగంటా నొక్కవలసిందే. సగం నొక్కి వదిలితే లాభం లేదు. ఈ రకం చవక, పెద్ద చప్పుడు కూడా చెయ్యదు. ప్రపంచంలో ఎక్కువమందికి ఇదే చాలు. మీ నాన్నగారు, అమ్మగారు ఈ వ్యాసం చదువుతూ ఉంటే వారికి ముందే చెబుతున్నాను: పిల్లలు బడి చదువు చదువుకోవటానికి ఇంతకు మించినది అవసరం లేదు.

రెండో రకం మెకానికల్ కీబోర్డు. దానిలో ఒక్కొక్క మీట కింద ఒక్కొక్క విడి స్విచ్చి ఉంటుంది. స్విచ్చి మన బొటనవేలి గోరంత ఉంటుంది. దాన్ని విప్పితే ఆరు ముక్కలు వస్తాయి: కింది డొల్ల, పై మూత, మధ్యన పైకీ కిందికీ కదిలే కాడ, ఆ కాడను పైకి నెట్టే స్ప్రింగు, రెండు లోహపు రేకులు. రేకులలో ఒకటి కదలదు. రెండోది వంగి మళ్ళీ లేస్తుంది. కాడకు ఒక పక్కన రెండు బుల్లి కాళ్ళు ఉంటాయి. మీట పైన ఉన్నంతసేపూ ఆ కాళ్ళు కదిలే రేకును అవతలికి నెట్టిపెట్టి, రెండో రేకుకు తగలనివ్వవు. మనం మీట నొక్కితే కాడ దిగుతుంది. కాళ్ళు కిందికి జారతాయి. అడ్డు తొలగిన రేకు వచ్చి రెండో రేకును ముట్టుకుంటుంది. విద్యుత్తు పారుతుంది, కంప్యూటరుకు కబురు అందుతుంది.

ఇక్కడొక తమాషా ఉన్నది. రేకులు రెండూ తగిలేటప్పుడు చప్పున అతుక్కోవు. కింద పడిన గోలీ నాలుగైదుసార్లు ఎగిరినట్టు కొన్ని మిల్లీసెకండ్లపాటు తగులుతూ, విడుతూ అదురుతాయి. ఆ అదురునంతా లెక్కలోకి తీసుకుంటే మనం ఒక్క "క" కొడితే నాలుగు "క"లు పడాలి. అట్లా పడకుండా కీబోర్డులో ఉండే చిన్న చిప్పు కాస్త ఆగి, అదురు తగ్గాకనే లెక్క వేసుకుంటుంది.

మరి "టక్" ఎక్కడిది? అది ఆ బుల్లి కాళ్ళలోనే ఉన్నది. కాళ్ళ అంచు నున్నగా, ఏటవాలుగా ఉంటే వేలికి స్ప్రింగు తప్ప మరేదీ తెలియదు. దీన్ని లీనియర్ అంటారు. ఆ కాళ్ళ అంచులో చిన్న మిట్ట ఒకటి పెట్టారనుకోండి. రేకు ఆ మిట్టను ఎక్కి దిగాలి. ఎక్కేటప్పుడు వేలికి బరువు తగులుతుంది, దిగేటప్పుడు చటుక్కున తేలిక అవుతుంది. మీరు సైకిలు మీద స్పీడు బ్రేకరు ఎక్కి దిగినట్టే. దీన్ని టాక్టైల్ అంటారు. అంటే వేలికి తెలిసేది అని. ఇవి గాక మూడో రకం ఉన్నది. అది వేలికి తెలియటమే గాక చెవికి కూడా "టిక్కు" మంటుంది. దాని పేరు క్లికీ. నలుగురూ నిద్రపోయే ఇంట్లో రాత్రిపూట క్లికీ స్విచ్చిలతో టైపు చేసేవాడికి మర్యాద దక్కదు గనక నేను దాని జోలికి పోలేదు.

ఆలోచించి చూస్తే ఇది విచిత్రంగా ఉంటుంది. పాత టైపురైటరులో వేలికి తగిలే బరువు నిజమైన బరువు. మీట నొక్కితే ఇనపకడ్డీ లేచి వెళ్ళి కాగితాన్ని కొట్టాలి. 1955లో గోద్రెజ్ కంపెనీవారు మన దేశంలో టైపురైటర్లు తయారుచెయ్యటం మొదలుపెట్టారు. ఆ మిషన్లన్నీ ఇట్లాగే పనిచేసేవి. కంప్యూటరుకు ఆ బాధ లేదు. దానికి రెండు రేకులు ముట్టుకుంటే చాలు. ఐనా మనిషి వేలికి "పని జరిగింది" అని తెలియకపోతే తోచదు. అందుకని ఇంజనీర్లు లేని అడ్డును పనిగట్టుకుని తయారుచేశారు! 1985లో వచ్చిన ఐబీఎం మోడల్ ఎం కీబోర్డులో స్ప్రింగే పక్కకు వంగి "ఠక్కు" మనేది. ఆ చప్పుడంటే ప్రాణమిచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇందాక నేను చెప్పిన ఆరు ముక్కల స్విచ్చిని తయారుచేసినది చెరీ అనే కంపెనీ. దాన్ని 1953లో వాల్టర్ చెరీ అనే ఆయన అమెరికాలో స్థాపించాడు. తరవాత అది జర్మనీలో వేళ్ళూనింది. 1980ల మొదట్లో వచ్చిన ఈ స్విచ్చి పేరు ఎం.ఎక్స్. కాడకు వేసే రంగును బట్టి దాని రకం తెలుస్తుంది: నలుపు, ఎరుపు లీనియర్, గోధుమరంగు టాక్టైల్, నీలం క్లికీ. సుమారు 2014 నాటికి దాని పేటెంటు గడువు తీరిపోయింది. ఇక చూడండి! గేటరాన్, కైల్ వంటి చైనా కంపెనీలు అదే కొలతలతో స్విచ్చిలు చేసి బజారు నింపాయి. కొలతలు ఒకటే గనక ఒకరి కాడ తీసి మరొకరి డొల్లలో పెట్టి చూచే సరదారాయుళ్ళు కూడా బయలుదేరారు. 2018 ప్రాంతంలో అట్లా రెండు రకాల స్విచ్చిల ముక్కలు కలిపితే, గట్టి మిట్ట గల స్విచ్చి ఒకటి పుట్టింది. దానికి హోలీ పాండా అని పేరు. మరొకరి అన్నంలో మరొకరి పులుసు పోసుకున్నట్టున్నా, రుచి కుదిరింది కాబోలు, తరవాత కంపెనీలే దాన్ని తయారుచేసి అమ్మసాగాయి.

ఇన్ని రకాలు ఉండటమే మాకు చిక్కు అయింది. మేము కొనదలచిన చిన్న కీబోర్డుకు అరవై ఎనిమిది మీటలు. మేము చూచిన స్విచ్చిలలో చవకవి ఇరవై రూపాయలు, ఖరీదైనవి డెబ్బై రూపాయలు. ముప్ఫై అయిదు రూపాయల రకం కొన్నా అరవై ఎనిమిదింటికి 2,380 రూపాయలు. పలక, బోర్డు, మీటల టోపీలు వేరే. మనవరాలు తన హుండీ పగలగొట్టింది. దానిలో 2,650 రూపాయలు ఉన్నాయి. ఆ డబ్బు స్విచ్చిలకు, మిగతాది నా పింఛనులో నుంచి. రెండేళ్ళు దాచుకున్న పిల్ల డబ్బుతో తప్పు సరుకు తేకూడదు గదా!

పెట్టె మీద రాసిన అంకెలు చూచి కొందామనుకున్నాం. చెరీ గోధుమరంగు స్విచ్చిని తీసుకుంటే, అది మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. 2 మిల్లీమీటర్ల దగ్గర అక్షరం పడుతుంది. మిట్ట ఎక్కటానికి 55 సెంటీన్యూటన్ల బలం కావాలి. సెంటీన్యూటన్ అంటే భయపడకండి. ఒక గ్రాము బరువు మన వేలి మీద చూపే బలం 0.98 సెంటీన్యూటన్లు. కనుక ఇంట్లో లెక్కకు రెండూ ఒకటే అనుకోవచ్చు. కాని అంకెలు చదివితే వేలికి ఏం తెలుస్తుంది? వంకాయకూర కొలతలు చదివితే కడుపు నిండుతుందా?

అందుకని తలా రెండేసి చొప్పున తొమ్మిది రకాల స్విచ్చిలు తెప్పించి, చిన్న పలకలో బిగించి, పైన టోపీలు పెట్టాం. టోపీ లేకుండా ఉత్త స్విచ్చిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూడటం చాలామంది చేసే పొరపాటు. అట్లా నొక్కితే ప్రతిదీ బరువుగానే తోస్తుంది.

ఇక మీరు కూడా చెయ్యదగిన ప్రయోగం చెబుతాను. మెకానికల్ కీబోర్డు మీ ఇంట్లో గాని, స్నేహితుడి ఇంట్లో గాని ఉంటే చాలు. రాసే కిటికీ ఒకటి తెరిచిపెట్టి, ఒక మీట నడిబొడ్డున రూపాయి నాణేలు ఒకదాని మీద ఒకటి మెల్లగా పేర్చండి. అక్షరం పడగానే ఆపి, ఆ నాణేలన్నీ వంటింటి తూకం మీద పెట్టి చూడండి. ఆ మీట నొక్కటానికి ఎన్ని గ్రాములు కావాలో తెలిసిపోతుంది. లీనియర్ స్విచ్చి అయితే నాణెం వేసినకొద్దీ మీట కొంచెం కొంచెం దిగుతూ పోతుంది. స్ప్రింగును ఎంత నొక్కితే అంత ఎదురు తంతుందని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించాడు. మీరు పై తరగతులలో చదవబోయే ఆ సూత్రం ఇక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. టాక్టైల్ స్విచ్చి అట్లా కాదు. పదమూడు, పధ్నాలుగు నాణేలదాకా మొండిగా నిలుచుంటుంది. తరవాత ఒక్క నాణెం వెయ్యగానే ధబేలున కూలుతుంది. మిట్ట దాటిందన్నమాట. దాటాక అంత బరువు అక్కరలేదు గనక ఆగకుండా కిందికి పోతుంది.

ఇక్కడితో ఆపకండి. ఇప్పుడు నాణేలు ఒక్కొక్కటే తీసివేస్తూ మీట ఎప్పుడు లేస్తుందో చూడండి. పధ్నాలుగో, పదిహేనో వేస్తే కూలిన మీట, ఒకటి తీస్తే లేవదు. రెండు తీసినా లేవదు. చాలా తీస్తే గాని లేవదు. ఎందుకంటే, పైకి వచ్చేటప్పుడు కూడా కాడ ఆ మిట్టను దాటుకునే రావాలి. దిగేటప్పుడు దాన్ని దాటించటానికి మన వేలు ఉన్నది. లేచేటప్పుడు స్ప్రింగు తప్ప దానికి దిక్కు లేదు. ఈ చిన్న సంగతి గుర్తుపెట్టుకోండి. నేను దీన్ని మరిచిపోయి 600 రూపాయలు పోగొట్టుకున్నాను. ఆ కథ కాసేపట్లో చెబుతాను.

మేము తొమ్మిది స్విచ్చిలకూ నాణేలు పేర్చి, గ్రాఫు కాగితం మీద గీతలు గీశాం. అప్పుడు తెలిసినదేమంటే, "ఎంత బరువు" అన్నదొక్కటే కాదు, "మిట్ట ఎక్కడ ఉన్నది, ఎంత వెడల్పుగా ఉన్నది" అన్నది ముఖ్యం. కొన్నింటిలో మీట కదలగానే మిట్ట వస్తుంది, ఆపైన అంతా మెత్తన. కొన్నింటిలో కొంతదూరం ఖాళీగా దిగి, ఆ తరవాత మిట్ట తగులుతుంది. మిట్ట సన్నగా ఉంటే గులకరాయి తొక్కినట్టు ఉంటుంది. వెడల్పుగా ఉంటే గట్టు ఎక్కి దిగినట్టు ఉంటుంది. గోధుమరంగు స్విచ్చిలో మిట్ట మరీ చిన్నది. నా మొద్దు వేళ్ళకు అది ఉన్నదో లేదో తెలియలేదు. మనవరాలికి మాత్రం బాగానే తెలిసింది. పదమూడేళ్ళ వేలూ, అరవై ఐదేళ్ళ వేలూ ఒకటి కావు గదా.

మూడు రోజులు ఈ స్విచ్చిలతో ఆడుకుని నేను ఒకటి తేల్చాను. అది అన్నిటిలోకీ ఖరీదైనది, కాడ కూడా అందమైన ఊదారంగు. "ఇదే," అన్నాను.

"నువ్వు రంగు చూచి చెబుతున్నావు, తాతయ్యా," అన్నది మనవరాలు.

నాకు కోపం వచ్చిన మాట నిజం. నలభై ఏళ్ళు పిల్లలకు పరిశీలన నేర్పినవాణ్ణి నేను! ఐనా సరే, కళ్ళకు తువ్వాలు కట్టించుకుని కూర్చున్నాను. అది స్విచ్చిల వరస మార్చి, నా వేలు పట్టుకుని ఒక్కొక్కదాని మీదా పెట్టింది. ఒక్కొక్కదానికి పదేసిసార్లు నొక్కి, పదికి ఇన్ని మార్కులు అని చెప్పాను. అది రాసుకున్నది. మర్నాడు వరస మళ్ళీ మార్చి మళ్ళీ అడిగింది. మూడోరోజు కూడా అంతే. ఊదారంగు స్విచ్చికి నేను వేసిన మార్కులు 6, 4, 5. మూడు రోజులూ 8కి తగ్గకుండా మార్కులు తెచ్చుకున్నది, ముప్ఫై రెండు రూపాయల నల్లకాడ స్విచ్చి ఒకటి. దాన్ని నేను కళ్ళు తెరిచి ఉన్నప్పుడు రెండోసారి ముట్టుకోనైనా లేదు.

ఆ స్విచ్చి మిట్ట గుండ్రంగా, వెడల్పుగా ఉన్నది. పైనుంచే మొదలవుతుంది. అక్షరం మిట్ట దాటీ దాటగానే పడుతుంది. అంటే వేలు "దాటాను" అని తెలుసుకుని వెనక్కు రావచ్చు, అడుగంటా బాదనక్కరలేదు. టాక్టైల్ స్విచ్చిలవల్ల లాభం ఇదేనని అంటారు. నిజం చెప్పాలంటే, తొందరలో ఉన్నప్పుడు వేలు ఆగదు, అడుగుకు పోయి కొడుతూనే ఉంటుంది. కాని మిట్ట దాటటానికి పెట్టిన బలం అయిపోయాక వేలు కాస్త నెమ్మదిగా దిగుతుందని నాకు అనుభవం. నా కణుపులకు ఆ కాస్తే చాలా అయింది.

డెబ్బై రెండు స్విచ్చిలు తెప్పించాం. నాలుగు ఎక్కువ ఎందుకంటే, బిగించేటప్పుడు ఒకటో రెండో తప్పకుండా పాడవుతాయి. స్విచ్చికి అడుగున రెండు సన్నటి లోహపు పిన్నులు ఉంటాయి. బోర్డులో ఉండే గుంటలలోకి వాటిని నిటారుగా దించాలి. టంకం పెట్టనక్కరలేని బోర్డులే ఇప్పుడు ఎక్కువ వస్తున్నాయి గనక పిల్లలు కూడా ఈ పని చెయ్యవచ్చు. అయితే పిన్ను వంకరగా ఉంటే గుంటలోకి పోకుండా మడత పడుతుంది. అప్పుడు పైకి అంతా బాగానే కనిపిస్తుంది గాని అక్షరం పడదు. నొక్కేముందు ప్రతి స్విచ్చినీ తిప్పి పిన్నులు చూచుకోవాలి. మరొకటి: కొన్ని స్విచ్చిలకు పిన్నులతోపాటు అటూ ఇటూ రెండు ప్లాస్టిక్ కొమ్ములు ఉంటాయి. బోర్డులో వాటికి కన్నాలు లేకపోతే ఆ కొమ్ములను కత్తిరించాలి. ఈ సంగతి కొనకముందే కనుక్కోవటం మంచిది.

ఇక నా 600 రూపాయల కథ. కీబోర్డు బిగించి రెండు రోజులు వాడాక, మిట్ట బాగానే ఉన్నది గాని స్ప్రింగు కొంచెం బరువనిపించింది. దానిలో ఉన్నది 67 గ్రాముల స్ప్రింగు. "45 గ్రాముల స్ప్రింగులు వేస్తే వెన్నలా ఉంటుంది గదా!" అనుకున్నాను. మనవరాలు, "ముందు నాలుగు తెప్పించి చూద్దాం," అన్నది. నేను వినలేదు. డెబ్బై స్ప్రింగులు ఒకేసారి తెప్పించాను. స్విచ్చి మూతలు ఒక్కొక్కటే ఊడదీసి, తల వెంట్రుకంత సన్నటి స్ప్రింగులు మార్చి, మళ్ళీ మూతలు బిగించేసరికి ఆదివారం కాస్తా అయిపోయింది. కళ్ళు కాయలు కాచాయి.

రాత్రి కూర్చుని "కమల" అని కొట్టబోయాను. "కకకకకకకకకకక" అని వరస నిండిపోయింది. ఏమిటా అని చూస్తే, "క" మీట లోపలికి పోయి అక్కడే కూర్చున్నది! మీట కిందనే ఉండిపోతే కంప్యూటరు, "ఇంకా నొక్కుతూనే ఉన్నాడు" అనుకుని అదే అక్షరం వేస్తూ పోతుంది. గోటితో లాగితే గాని అది లేవలేదు. "మ" కూడా అంతే. మా ఇంటి పంక్తులన్నీ కకకలతో, మమమలతో నిండిపోయాయి. మనవరాలు పడీ పడీ నవ్వింది. తరవాత ఒక మాట అన్నది: "తాతయ్యా, నాణేలు తీసేటప్పుడు చూచావు గదా?"

చూచాను. చూచి, గ్రాఫు కూడా గీశాను. ఐనా సరే, మీటను కిందికి నొక్కే బలం గురించే ఆలోచించాను గాని, పైకి లేపే బలం గురించి ఆలోచించలేదు. మిట్ట పెద్దది, స్ప్రింగు చిన్నది. పైకి వచ్చేటప్పుడు రేకును మళ్ళీ అవతలికి నెట్టే శక్తి ఆ స్ప్రింగుకు లేకపోయింది. పెద్ద మిట్ట కావాలంటే దానికి తగిన స్ప్రింగు ఉండి తీరాలి. తేలిక స్ప్రింగు కావాలంటే చిన్న మిట్టతో సరిపెట్టుకోవాలి. ఈసారి బుద్ధిగా 50, 55, 60 గ్రాములవి మూడేసి తెప్పించి చూచాం. 50 గ్రాములది పదింట ఒకసారి తడబడింది. 55 గ్రాములది ఒక్కసారి కూడా ఆగలేదు. అదే ఉంచాం.

మరొక తంటా మనవరాలు తెచ్చిపెట్టింది. మీటలు గరగరలాడకుండా స్విచ్చిలకు గ్రీజు రాస్తారని విని, సన్న కుంచెతో కాడ అంతటా పూసింది. రెండు స్విచ్చిలకు పూసి నొక్కి చూచేసరికి మిట్ట మాయం! కాళ్ళకు గ్రీజు తగిలితే రేకు మిట్ట మీదుగా జారిపోతుంది, ఇక "టక్" ఎక్కడిది? టాక్టైల్ స్విచ్చిలో గ్రీజును డొల్ల లోపలి గాడులకు, స్ప్రింగు చివరలకు పలచగా రాయాలి గాని, కాళ్ళను ముట్టుకోకూడదు. దానికి ప్రత్యేకమైన గ్రీజు ఉన్నది. ఇంట్లో ఉన్నది గదా అని కొబ్బరినూనె వెయ్యకండి. అది చలికాలంలో గడ్డ కడుతుంది, మిగతా కాలంలో దుమ్ము పట్టిస్తుంది. ఆ రెండు స్విచ్చిలనూ కడిగి ఆరబెట్టినా మునుపటి పదును పూర్తిగా రాలేదు. నాలుగు ఎక్కువ తెప్పించటం మంచిదే అయింది.

తెలుగులో టైపు చేసేవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. స్విచ్చిల గురించి చెప్పేవాళ్ళంతా ఇంగ్లీషు టైపు చేసేవాళ్ళే గనక వారు దీన్ని చెప్పరు. నేను వాడేది ఇన్‌స్క్రిప్టు పద్ధతి. దానిలో ఒత్తు రావాలంటే ఇంగ్లీషు "డి" ఉన్న మీట నొక్కాలి. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆ ఆరింటిలో రెండు "డి" మీటవే. ఎడమచేతి నడిమివేలు పాపం ఎంత పని చేస్తుందో చూడండి! ఇక అ, ఖ, ణ, ళ, శ, ష, ఇవన్నీ షిఫ్టు పట్టుకుంటే గాని రావు. షిఫ్టు ఎవరు పట్టుకోవాలి? అన్నిటికన్నా బలహీనమైన చిటికెన వేలు. ఇంగ్లీషులో వాక్యానికి ఒకటి రెండుసార్లు పట్టుకునే షిఫ్టును మనం మాటమాటకూ పట్టుకోవాలి.

అందుకని రెండు షిఫ్టు మీటల కిందా మిట్ట లేని లీనియర్ స్విచ్చిలు, తేలిక స్ప్రింగువి పెట్టాం. షిఫ్టును కొట్టి వదలం, పట్టుకుని ఉంటాం. పట్టుకుని ఉండే మీటకు "పడింది" అని చెప్పే మిట్టతో పనిలేదు. మిట్ట లేదు గనక తేలిక స్ప్రింగు ఐనా ఇరుక్కోదు. ఈ ఆలోచన నాది కాదు, మనవరాలిది. కీబోర్డు అంతా ఒకే రకం స్విచ్చిలు ఉండాలని ఎవరు చెప్పారు అని అడిగింది. ఎవరూ చెప్పలేదు.

అన్నట్టు, టోపీల ప్లాస్టిక్‌ను బట్టీ, స్విచ్చిలు బిగించిన పలకను బట్టీ కూడా చప్పుడు మారుతుంది. ఇనపపలక అయితే ఖంగుమంటుంది, ప్లాస్టిక్ పలక అయితే మెత్తగా పలుకుతుంది. దాని కోసం గంటల తరబడి వాదించుకునేవాళ్ళు ఉన్నారు. నాకు చెవి సరిగా వినపడదు గనక నేను ఆ వాదంలోకి దిగలేదు.

ఈ కీబోర్డుతో నా వేళ్ళు నయమయ్యాయని చెబితే అబద్ధమవుతుంది. అరిగిన కణుపులను ఏ స్విచ్చీ బాగుచెయ్యదు. చలికాలపు ఉదయాలలో ఇప్పటికీ పట్టేస్తాయి. డాక్టరుగారు చెప్పినట్టు అరగంటకొకసారి లేచి చెయ్యి ఆడిస్తాను. కాని ఒకప్పుడు రోజుకు రెండు పేజీల దగ్గర ఆగిపోయినవాణ్ణి, ఇప్పుడు అయిదు పేజీలు కొట్టగలుగుతున్నాను. తొమ్మిదో నోటుపుస్తకంలో ఉన్నాను. ఇంకా రెండు మిగిలాయి.

మనవరాలి హుండీ మళ్ళీ సగం నిండింది. వాడకుండా మిగిలిపోయిన 45 గ్రాముల స్ప్రింగులను అది ఒక గాజుసీసాలో పోసి బల్ల మీద పెట్టుకున్నది. మీలో ఎవరికైనా నాణేల ప్రయోగంలో మీట కూలటానికి పట్టిన బరువూ, లేవటానికి తియ్యవలసిన బరువూ సమానంగా వస్తే మళ్ళీ తూచి చూడండి. నాణెం పక్క మీటకు ఆనుకుని ఉంటుంది.